దిష్టి పొగ

మండటం అంటే ఏమిటో ఖానాపూర్‌లో నాకన్నా బాగా చెప్పగలిగినవాళ్లు లేరని ఒకప్పుడు నాకు గట్టి నమ్మకం. జిల్లా పరిషత్ హైస్కూల్లో అప్పటికి ఇరవై రెండేళ్లుగా సామాన్యశాస్త్రం చెబుతున్నాను. వెలిగే కొవ్వొత్తి మీద గాజుగ్లాసు బోర్లించి, మంట ఆరిపోవడం చూపించి, ఆక్సిజన్ లేనిదే మంట లేదని పిల్లలందరి చేతా మూడుసార్లు అనిపించేదాన్ని. నా పేరు కనకవ్వ. కొత్తగా బదిలీ మీద వచ్చిన హెడ్మాస్టర్లు హాజరుపట్టీలో ఆ పేరు చూసి బడి ఊడ్చే మనిషి అనుకునేవారు. మొదటి వారంలోనే వాళ్లకు నా కోపం రుచి తెలిసేది. ఆ తర్వాత ఎవరూ పొరపాటు పడలేదు.

ఇంత చదివిన మనిషిని, ఇంత పొగరున్న మనిషిని, మా మేనకోడలు అనసూర్య కళ్లకు నా చేత్తోనే చేటు తెచ్చిపెట్టాను. అది చెప్పడానికే ఇదంతా.

పెళ్లయిన రెండో ఏడే మా ఆయన పోయాడు. అప్పటినుంచి నేను తమ్ముడు హనుమండ్లు ఇంట్లోనే ఉన్నాను. తమ్ముడు షార్జాలో సెంట్రింగ్ పనికి పోయి అప్పటికి తొమ్మిదేళ్లు. ఇంట్లో ఉండేది ముగ్గురం ఆడవాళ్లమే. నేను, తమ్ముడి భార్య బాలవ్వ, వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ అనసూర్య. బాలవ్వ బీడీలు చుట్టేది. మొగడు పంపే పైసలు మొగడివి, నా చేతి పని నాది అనేది. చదువు లేదు. సంతకం కూడా నేను నేర్పిందే. ఏ విషయంలోనైనా చివరి మాట నాదే ఉండాలని నాకు, ఉంటే ఉండనీ అని బాలవ్వకు. అట్లా మా ఇద్దరికీ బాగానే పొసిగింది.

అనసూర్యకు కబడ్డీ పిచ్చి. ఆ పిల్ల కుడి మూల నిలబడితే కూతకొచ్చిన పిల్ల కాలు వెనక్కి తీసుకునేలోపు మడమ దొరకబుచ్చుకునేది. కానీ ఎనిమిదో తరగతినుంచే దూరపు చూపు తగ్గింది. పందొమ్మిదేళ్లకు మైనస్ ఐదున్నర. కళ్లద్దాలు పెట్టుకుని కబడ్డీ ఆడనివ్వరు, తీసి ఆడితే కాలు ఎక్కడుందో తెలియదు. నిర్మల్‌లో కంట్లో పెట్టుకునే లెన్సులు ఇప్పిస్తే, మైదానం దుమ్ముకు కళ్లు కుంకుమ బరిణెలయ్యాయి. ఆదిలాబాద్ జిల్లా జట్టుకు మూడుసార్లు ఆడింది. రాష్ట్ర జట్టు ఎంపికకు వెళ్లిన రెండుసార్లూ, సాయంత్రం వెలుతురు తగ్గేసరికి తడబడి వెనక్కి వచ్చింది. కాలేజీలో ఆటలు నేర్పే కొండల్ సారు మా ఇంటికొచ్చి చెప్పింది ఒక్కటే. పిల్ల చేతుల్లో బలం ఉంది, కాళ్లలో బలం ఉంది, కళ్లు ఒక్కటి బాగైతే ఈసారి ఎవరూ ఆపలేరు, వచ్చే ఏడాదికి ఆ జట్టుకు వయసు దాటిపోతుంది.

హైదరాబాద్‌లో లేజర్‌తో కంటిచూపు సరిచేస్తున్నారని అప్పటికి పేపర్లలో రాస్తున్నారు. తమ్ముడు షార్జానుంచి ఫోన్ చేసి, చేయిద్దాం అక్కా, నువ్వుంటే నాకు ఫికర్ లేదు అన్నాడు. అట్లా తొంభై ఎనిమిది ఆగస్టులో అనసూర్యను తీసుకుని హైదరాబాద్ పోయాం.

ఆ ఆసుపత్రిలో డాక్టర్ సరళాదేవిది మంథని. నా యాస వినగానే ఆమె కూడా ఇంగ్లీషు పక్కనబెట్టి ఇంటి భాషలోకి దిగింది. ఆటలో దెబ్బలు తగిలే పిల్ల కాబట్టి పొర కోసి మళ్లీ అతికించే పద్ధతి వద్దని, కంటి మీది సన్నపొర తీసేసి లేజర్ వేసి, ఆ పొర మళ్లీ దానంతటదే పెరిగేలా వదిలే పద్ధతి మేలని చెప్పింది. మూడు నాలుగు రోజులు బాగా నొప్పి ఉంటుంది. నాలుగు నెలలు ఎండ, దుమ్ము, పొగ తగలకూడదు. ఈ మాట ఆమె నా మొహం చూసి మరీ చెప్పింది. నేను పలక మీద రాసుకున్నంత శ్రద్ధగా తలూపాను. డిసెంబర్‌లో కరీంనగర్‌లో రాష్ట్ర జట్టు ఎంపిక. లెక్క సరిగ్గా సరిపోయింది.

రెండు కళ్లూ ఒకే రోజు చేశారు. పది నిమిషాల పని. పొర పెరిగేదాకా కంటికి కట్టులాగా ఉంటుందని మెత్తటి లెన్సు ఒకటి పైన పెట్టి, నల్లద్దాలిచ్చి, మరునాడు చూసి పంపించారు. ఐదో రోజు మళ్లీ రమ్మన్నారు.

ఇంటికి వచ్చాక, మూడో రోజు నొప్పి ముదిరింది. కంట్లో ఇసుక పోసి నలిపినట్టుందని పిల్ల మంచం పట్టె పట్టుకుని మూలిగింది. అది డాక్టర్ ముందే చెప్పిన నొప్పి. నాకు తెలుసు. కానీ తెలిసి ఊరుకోవడం పుస్తకంలో ఉన్నంత సులువు కాదు. ఆ పొద్దంతా చూడవచ్చిన ఆడవాళ్లు, అద్దాలు తీస్తే పిల్ల కళ్లు ఎంత పెద్దగున్నయో అని ఒకరు, ఇన్నేండ్లు దాచినవా బాలవ్వా అని ఇంకొకరు, వరసపెట్టి మెచ్చుకుని పోయారు. వాళ్లు గడప దాటగానే బాలవ్వ నా వెంట పడింది. దిష్టి తగిలింది, తీస్తాను అంది. మా ఇంట్లో దిష్టి తీయడం, ఎర్రనీళ్లు తిప్పడం నేను పదిహేనేళ్ల కిందటే బందు పెట్టించాను. వద్దన్నాను. సాయంత్రం పిల్ల నొప్పిమాత్ర వేసుకుని నిద్రపోయాక బాలవ్వ మళ్లీ వచ్చింది. ఇంట్లో కాదు, బయట వాకిట్లోనే, కుంపటిలో నాలుగు మిరపకాయలు వేస్తాను, పొగ లోపలికి రాదు అంది. తల్లి మనసు కదా అని సరే అన్నాను.

నిద్రపోతున్న పిల్ల చుట్టూ ఉప్పూ మిరపకాయలూ తిప్పి, బయటికి తీసుకుపోయి కుంపటిలో వేసింది. దిష్టి లేకపోతే ఘాటు ముక్కులు పగలగొడుతుందని, ఉంటే వాసన కూడా రాదని మావాళ్ల లెక్క. ఆ రోజు చిన్న దగ్గు కూడా రాలేదు.

"చూసినవా వదినె, ఒక్క ఘాటన్న వచ్చిందా? గంత దిష్టి ఉన్నది నా బిడ్డకు," అంది బాలవ్వ.

అక్కడ నేను నవ్వి ఊరుకుంటే అయిపోయేది. కానీ నేను కనకవ్వ టీచర్‌ని. బొగ్గులు వానకు తడిశాయి, సరిగ్గా అంటుకోలేదు, గాలి ఆడకపోతే ఆక్సిజన్ అందదు, మిరపకాయ కాలదు, కాలకపోతే ఘాటెట్లా వస్తుంది అని పాఠం మొదలుపెట్టాను. బాలవ్వ తల అడ్డంగా ఊపింది. ఆ ఊపుడు చూసి నాకు తిక్క రేగింది. వాకిట్లో జల్లు పడుతోందని కుంపటి ఎత్తి లోపలి వసారాలోకి తెచ్చాను. విసనకర్ర తీసుకుని విసిరాను. బొగ్గులు ఎర్రగా రాజుకున్నాయి. డబ్బాలోంచి గుప్పెడు మిరపకాయలు తీసి వేశాను. ఇప్పుడు చూడు అన్నాను.

చూశాం ఇద్దరం. రెండు నిమిషాల్లో ఇల్లంతా పొగ. మేమే కళ్లు తెరవలేకపోయాం. అప్పుడు గుర్తొచ్చింది, వసారాకూ పిల్ల పడుకున్న గదికీ మధ్య తలుపు లేదని, తెర మాత్రమే ఉందని. నేను కిటికీలు తెరవడానికి పెరటివైపు పరుగెత్తాను. బాలవ్వ ఒట్టి చేతులతో కుంపటి ఎత్తుకుని బయటికి పరుగెత్తబోయింది. సరిగ్గా అప్పుడే అనసూర్య దగ్గుతూ లేచి, నల్లద్దాలు లేకుండా తెర తీసింది. ఆ పొగలో ఆ పిల్లకు కనబడింది కుంపటి పట్టుకున్న తల్లి ఒక్కతే.

"అవ్వా, నా కండ్లు కరాబ్ జేసినవ్," అంది.

నేను పెరటి కిటికీ దగ్గర విన్నాను. నేనే అని ఒక్క మాట అంటే అయ్యేది. నోరు రాలేదు. పొగకు గొంతు పట్టేసిందని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. గొంతు బాగానే ఉంది.

మరునాడు మొదటి బస్సుకే ముగ్గురం బయలుదేరాం. బాలవ్వ అరచేతులు బొబ్బలెక్కాయి, కొంగులో దాచుకుని కూర్చుంది. ఆసుపత్రిలో డాక్టర్ సరళాదేవి యంత్రం ముందు పిల్ల గడ్డం ఆనించి చాలాసేపు చూసింది. మూసుకోవలసిన పొర మూసుకోలేదు, వాపు పెరిగింది, ఏమైంది అని అడిగింది. అవ్వ దిష్టి తీసి పొగ పెట్టింది అని అనసూర్య చెప్పింది. డాక్టర్ నావైపు తిరిగింది.

"ఆమెకు తెల్వకపోవచ్చు. మీరు టీచర్ గదా, మీరన్న చెప్పొద్దా?"

నేను తల వంచుకున్నాను. సిగ్గుతో వంచుకున్న తల ఎవరికైనా మర్యాదలాగే కనబడుతుంది.

డాక్టర్ కోప్పడలేదు. బాలవ్వను దగ్గరికి పిలిచి కూర్చోబెట్టి, వంకాయలు కోసి నీళ్లల్ల ఎందుకు వేస్తవమ్మా అని అడిగింది. లేకపోతే నల్లబడతాయి కదా అంది బాలవ్వ. డాక్టర్ చెప్పింది, నీ బిడ్డ కన్ను ఇప్పుడు కోసిన వంకాయ ముక్క. గాలిలో ఉన్న ఆక్సిజన్ మనల్ని బతికించేదే. కానీ గాయమైన చోట, లేజర్ పడిన చోట, దాంట్లోంచే కొన్ని తిక్క కణాలు పుట్టి, దొరికినదాన్నల్లా కొరుకుతాయి. మా పుస్తకాల్లో దీన్ని ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు. కన్నీళ్లలో వాటిని ఆపే గుణం ఉంది, విటమిన్ సి లాంటివి ఉంటాయి. కానీ ఆపరేషన్‌లో కంటి మీది సన్న నరాలు తెగాయి కాబట్టి కొన్ని నెలలు కన్నీళ్లు తక్కువ ఊరుతాయి. కాపలా తక్కువైన పూట పొగ పెడితే ఆ తిక్కకు తిక్క తోడైనట్టు. ఎండ కూడా అంతే. పొర మానుతుంది, భయం లేదు. కానీ మానేటప్పుడు కింద మసక పడే ప్రమాదం ఉంది. ఎక్కువ మసక పడితే కళ్లద్దాలు పెట్టినా చూపు మునుపటిలా రాదు.

ఇరవై రెండేళ్లు ఊరి పిల్లలకు నేను చెప్పిన ఆక్సీకరణం బాలవ్వకు రెండు నిమిషాల్లో అర్థమైంది. నీళ్లల్ల ఉంచాలె, గంతే కదమ్మా అంది. గంతే అంది డాక్టర్. రోజుకు ఎనిమిదిసార్లు కన్నీటి చుక్కలు, నాలుగుసార్లు వాపు తగ్గే చుక్కలు, నల్లద్దాలు, ఉసిరికాయలు, జామకాయలు, పొగ లేని ఇల్లు.

నర్సు పిల్లను చుక్కలు వేయడానికి లోపలికి తీసుకుపోయినప్పుడు, బయట బెంచీ మీద, నేను చెప్పేస్తాను బాలవ్వా అన్నాను. బాలవ్వ కాసేపు తన బొబ్బల చేతులు చూసుకుంది.

"ఊకో వదినె. నేను సదువు లేనిదాన్ని, నా మీదుంటే ఎవలు పరేషాన్ గారు. అది నా మాట ఎన్నడన్న ఇన్నదా? నీ మాటొక్కటే ఇంటది. ఇప్పుడు నీ మీద గూడ నమ్మకం పోతే చుక్కలు ఎవలు ఏస్తరు, ఎండల పోకుంట ఎవలు ఆపుతరు? కన్ను మంచిగ గానీ. తర్వాత చెప్పు."

ఆమె చెప్పిన దాంట్లో న్యాయం ఉంది. నా పిరికితనానికి ఆ న్యాయం బాగా పనికొచ్చింది. ఈ రెండూ నిజమే. ఏది ఎంతో ఇప్పటికీ తూచలేను.

ఆ నాలుగు నెలలు మా వాడకట్టులో పొగ తాగే మగవాళ్లకు నేను యమదూతను. మా గోడపక్క బీడీ వెలిగిస్తే బయటికొచ్చి నిలబడేదాన్ని, అంతే, ఆరిపోయేది. దోమల చక్రాలు, అగరుబత్తులు, సాంబ్రాణి అన్నీ బందు. దేవుడికి దీపం కూడా పెరట్లోనే. బాలవ్వ తంబాకు చాట తీసుకుని రెండిళ్ల అవతలి అరుగు మీదికి మారింది. ఇంటికొచ్చేముందు బావి దగ్గర చేతులూ మొహమూ కడుక్కుని, చీర మార్చుకుని కానీ గడప లోపలికి వచ్చేది కాదు. కట్టెల పొయ్యి పెరటి చివరకు జరిపింది. ఆగస్టు వానల్లో, నెత్తిమీద ప్లాస్టిక్ సంచి కప్పుకుని, రెండుపూటలా అక్కడే వండింది.

అనసూర్య మాత్రం తల్లితో మాట్లాడలేదు. అన్నం కావాలన్నా నాతోనే చెప్పేది. "అత్తమ్మా, చారు పొయ్యమను" అని పక్కనే కూర్చున్న తల్లిని నా ద్వారా అడిగేది. బాలవ్వ చారు పోసి లేచిపోయేది. రోజుకు పన్నెండుసార్లు ఆ పిల్ల నా ముందు తల వెనక్కి వాల్చి కళ్లు తెరిచేది, రెప్ప కూడా కొట్టకుండా. అంత నమ్మకంగా తెరిచిన కళ్లలోకి చూసి చుక్క వేయడం నాకు ప్రతిసారీ పరీక్షే.

ఆరో వారం పరీక్షలో ఎడమ కన్ను బాగుంది కానీ కుడి కంట్లో మసక కనబడింది. అద్దం మీద ఆవిరి పట్టినట్టుంది అంది డాక్టర్. చుక్కల మందు మార్చింది. ఇది నెమ్మదిగా తగ్గే అవకాశమే ఎక్కువ, ఎండ ఒక్కటి తగలనియ్యకండి అంది. బస్సులో వస్తున్నంతసేపూ పిల్ల ఎడమ కన్ను మూసి కుడి కన్నుతో, కుడి కన్ను మూసి ఎడమ కన్నుతో దుకాణాల బోర్డులు చదువుకుంది. జగిత్యాల దాటాక చదవడం మానేసి కిటికీకి తల ఆనించింది. ఆ రోజు నేను దేవుడికి మొక్కుకున్నాను. సైన్సు టీచర్‌ని, సిగ్గుపడకుండా మొక్కుకున్నాను.

కొండల్ సారు మంచివాడు. పొద్దు వాలాక పిల్లను మైదానానికి రమ్మని, గీత అవతల కూర్చోబెట్టి ఆట చూడమనేవాడు. కూతకు వెళ్లే పిల్ల ఏ కాలు ముందు వేస్తుందో పైకి చెప్పమనేవాడు. అక్టోబర్‌లో పదింట ఆరు సరిగ్గా చెప్పింది. నవంబర్ మొదట్లో ఎనిమిది. నవంబర్ నడుమకు వచ్చేసరికి కొండల్ సారు లెక్కపెట్టడం మానేసి, దిగి ఆడు అన్నాడు.

నవంబర్ చివర ఆఖరి పరీక్షకు నేనూ అనసూర్యా ఇద్దరమే హైదరాబాద్ వెళ్లాం. డాక్టర్ సరళాదేవి ఈసారి యంత్రం వెనకనుంచే నవ్వింది. మసక దాదాపు పోయింది, గోడమీది అట్టలో ఆఖరి వరుస రెండు కళ్లతోనూ చదివింది. ఇంకో రెండు నెలలు కన్నీటి చుక్కలు వదలొద్దు, ఆడుకో పో బిడ్డా అంది. నేను బయటికి వచ్చి గోడకానుకుని నిలబడ్డాను.

వెనక్కి వస్తూ కరీంనగర్ బస్టాండ్‌లో ఖానాపూర్ మీదుగా పోయే నిర్మల్ బస్సు కోసం కూర్చున్నాం. పిల్ల హుషారుగా ఉంది. ప్లాట్‌ఫాం చివర నిలబడ్డ బస్సుల బోర్డులన్నీ వరసగా చదివి వినిపించింది. మంథని, పెద్దపల్లి, కాగజ్‌నగర్. ఎంపిక ఇంకా పది రోజులుంది. ఎవరెవరు వస్తారని అడిగాను. నువ్వు, కొండల్ సారు అంది. మరి అవ్వ అన్నాను.

"అవ్వ వద్దు అత్తమ్మా. ఆమె మొఖం చూస్తె నాకు గా పొగే యాదికొస్తది. ఆటల కాలు తడబడతది."

కన్ను బాగైనా ఇంకొన్నాళ్లు ఆగమని బాలవ్వ వందసార్లు చెప్పింది. ఎంపిక అయ్యేదాకా నోరు విప్పొద్దంది. కానీ ఆ మాట విన్నాక ఆగడం నా వల్ల కాలేదు. చెప్పేశాను. తడి బొగ్గులు, బాలవ్వ తల ఊపడం, నా తిక్క, గుప్పెడు మిరపకాయలు. మీ అవ్వ నాలుగు మిరపకాయలు వాకిట్లో వేసింది, వాటికి పొగ కూడా రాలేదు, ఇంట్లో కుంపటి పెట్టి రాజేసింది నేను, మీ అవ్వ ఒట్టి చేతులతో దాన్ని బయటికి మోసింది అన్నాను. ఆసుపత్రి బెంచీ మీద ఏమందో అది కూడా చెప్పాను.

అనసూర్య ఏడవలేదు. నిర్మల్ బస్సు వస్తే ఎక్కి, నా పక్కన ఖాళీ ఉన్నా ముందు సీట్లో కూర్చుంది. ఖానాపూర్‌లో దిగి ఇంటికి రాలేదు. నేరుగా ఆ రెండిళ్ల అవతలి అరుగు దగ్గరికి పోయింది. నేను దూరంనుంచి చూశాను. బాలవ్వ చాట వెనక్కి నెట్టి, తంబాకు దుమ్మున్నది, దగ్గరికి రాకు బిడ్డా అంటోంది. పిల్ల వినలేదు. తల్లి రెండు చేతులూ విప్పి అరచేతులు చూసింది. ఆ చేతుల మీద మచ్చలు ఇంకా ఉన్నాయి. తర్వాత అక్కడే, ఆ దుమ్ములోనే, తల్లి ఒళ్లో తల పెట్టుకుంది. బాలవ్వ కొంగుతో పిల్ల కళ్లు కప్పింది.

ఆ రాత్రి బాలవ్వ నా మీద మొదటిసారి నోరు చేసుకుంది. పది దినాలు ఆగలేకపోతివా వదినె, ఇప్పుడు దాని మనసు చెదిరి ఆట పాడైతే ఎట్ల అంది. ఎప్పుడూ చివరి మాట నాదే కదా, ఆ రోజు ఆమెదైంది.

మరునాటినుంచి చుక్కలు పిల్లే వేసుకుంది, అద్దం ముందు నిలబడి, సగం చెంపల మీద ఒలకబోసుకుంటూ. నాతో ఒక్క మాట లేదు. నాలుగు నెలలు బాలవ్వ ఏం మోసిందో నాకు నాలుగు రోజుల్లోనే తెలిసివచ్చింది.

ఎంపిక రోజు తల్లీబిడ్డా కొండల్ సారుతో పొద్దున్నే వెళ్లారు. నన్ను ఎవరూ రమ్మనలేదు, వద్దనలేదు. బడికి సెలవు పెట్టి తర్వాతి బస్సుకు పోయాను. కరీంనగర్ మైదానంలో జనం బాగానే ఉన్నారు. బాలవ్వ గీత దగ్గరే ముందు వరసలో కూర్చుంది, కొత్త చీర కట్టుకుని. నన్ను చూస్తే పిల్ల మనసు చెదురుతుందని, నేను మైదానం ఆ చివర, మెట్ల పైవరసలో, పదో తరగతి పిల్లల గుంపు వెనక నక్కి కూర్చున్నాను. కొంగు నెత్తిమీదికి లాక్కున్నాను. అంత దూరాన నన్నెవరు పోల్చుకుంటారనుకున్నాను.

మధ్యాహ్నం ఆట మామూలుగా ఆడింది. సాయంత్రం వెలుతురు తగ్గడం మొదలైంది. ఎప్పుడూ పిల్ల తడబడే వేళ అదే. వరంగల్‌నుంచి వచ్చిన పొడుగుపిల్ల ఒకతి కూతకు వచ్చింది. అప్పటికే ముగ్గురిని ముట్టి పోయింది. కుడి కాలు ముందుకు చాచినట్టు చాచి, ఎడమ కాలితో అనసూర్య వైపు ఒక్క ఊపు వేసింది. మా పిల్ల కుడి కాలు వైపు చూడనే లేదు. ఎడమ మడమ రెండు చేతులా పట్టి కిందికి లాగింది. తర్వాత వచ్చిన పిల్లనూ అట్లాగే. ఆ తర్వాత ఇంకొకతినీ. జనం లేచి నిలబడ్డారు. నేను లేవలేదు. కూర్చుని ఏడ్చాను.

చీకటి పడే ముందు పన్నెండు మంది పేర్లు చదివారు. తొమ్మిదో పేరు ఆదిలాబాద్ అనసూర్య. బాలవ్వ ముందు నిలబడి, పక్కన ఎవరో తెలియనావిడ చేయి పట్టుకుని ఊపుతోంది. చాలు అనుకున్నాను. ఎవరూ చూడకముందే బస్సుకు పోదామని లేచి మెట్లు దిగాను.

గేటు దగ్గరికి పోయేసరికి అనసూర్య వెనకనుంచి పరుగెత్తుకుంటూ వచ్చి నా ముందు నిలబడింది. ఒళ్లంతా మట్టి. ఆయాసపడుతోంది.

"పైన కూసోని మూడుసార్లు కండ్లు తుడుసుకున్నవ్ అత్తమ్మా," అంది.

కూతకొచ్చిన పిల్ల కాళ్లు చూడాలె గాని నన్నెందుకు చూసినవే అన్నాను.

"రెండూ కనబడ్డయి."

అని, నిక్కరు జేబులోంచి చుక్కల సీసా తీసి నా చేతిలో పెట్టింది. అక్కడే, గేటు దగ్గర, వచ్చేపోయే జనం మధ్య, తల వెనక్కి వాల్చి కళ్లు పెద్దగా తెరిచింది.

"దుమ్ము పడ్డది. నువ్వే ఎయ్యి, నాకు సక్కగ వస్తలేదు," అంది.